పట్టీలు తీసిన బండి

నేను బండ్ల కింద పడుకుని బతికినవాణ్ని. ఇంజనీర్ని కాను, డ్రైవర్ని కాను. రేకు పని, వెల్డింగు, చాసీ పని, కమాను కట్టల పని, ఇవీ నాకు వచ్చినవి. విజయవాడ పటమట ఆటోనగర్‌లో మీసాలు రాకముందు చేరి, మీసాలు తెల్లబడ్డాక మానేశాను. ఇప్పుడు భవానీపురంలో మా ఇంటి పక్కన ఒక రేకుల పందిరి ఉంది. నచ్చిన బండి వస్తే చేస్తాను. నచ్చకపోతే చెయ్యను. పని చేసినన్నాళ్ళూ ఈ సుఖం లేదు.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. ఫోన్లో వీడియోలు చూసి, పాత పికప్ బండి ఒకటి కొని, ఇంటి దగ్గరే కొత్తగా చేసుకోవాలని వచ్చేవాళ్ళూ ఉంటారు. పెద్ద చక్రాలు, ముందు ఇనుప గొట్టాలు, పైన లైట్లు అడుగుతారు. తప్పు లేదు, వాళ్ళ బండి, వాళ్ళ సరదా. కానీ వాళ్ళు అడగని సంగతులు కొన్ని ఉన్నాయి. అవి రాసిపెట్టమని మా ఆవిడ రాహేలు పోరు పెడుతుంటే రాస్తున్నాను. షెడ్డు ఎప్పుడు పెట్టాను, దానికి కాగితాలు ఎలా తెచ్చుకున్నాను, ఎంత ఎదిగాను, ఇవేవీ రాయను. వాటితో ఎవరికీ పని లేదు.

పేపరు కుక్కిన బండి

నాకు పని నేర్పింది సైదులు మేస్త్రి. మంచి మేస్త్రి. మంచి మనిషి అని మాత్రం అనను. సాయంత్రమైతే తాగేవాడు, తాగని పూట తిట్టేవాడు. 'బాగుంది' అనే మాట ఆయన నోట నేను వినలేదు. పని బాగుంటే ఏమీ అనకుండా పక్క బండి దగ్గరికి పోయేవాడు. అలా పోవడమే మాకు మెప్పు.

బండి రాగానే ఆయన ఓనరుతో మాట్లాడేవాడు కాదు. చిన్న సుత్తి పట్టుకుని బండి చుట్టూ తిరిగి తట్టేవాడు. మంచి ఇనుము ఉన్నచోట ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట పుచ్చిన గుమ్మడికాయను తట్టినట్టు ఉంటుంది. ఓసారి ఏలూరు నుంచి ఒకాయన తళతళలాడే వ్యాను తెచ్చాడు. సెకండ్ హ్యాండులో కొన్నాడు. తలుపు దగ్గర చిన్న సొట్ట తియ్యమన్నాడు. మేస్త్రి తట్టి చూసి, నన్ను పిలిచి అక్కడ గీకమన్నాడు. గీకితే రంగు కింద లప్పం, లప్పం కింద మళ్ళీ లప్పం, దాని వెనక ఉండలు చుట్టి కుక్కిన న్యూస్ పేపరు.

"ఏందయ్యా ఇది. సొట్ట తియ్యమంటే బండంతా పాడు చేస్తన్నారు," అని ఆయన గొడవకి దిగాడు.

"సొట్ట తియ్యాలంటే రేకుండాలండి," అన్నాడు మేస్త్రి. "మీ బండికి రేకు లేదు, పేపరుంది. వానొచ్చినప్పుడు ఇంట్లో పెట్టుకోండి. చదువుకోవచ్చు."

ఆయన విసురుగా వెళ్ళిపోయి, నాలుగు షెడ్లు తిరిగి, మళ్ళీ మా దగ్గరికే వచ్చి అడుగంతా కోయించుకుని కొత్త రేకు వేయించుకున్నాడు. తుప్పు మీద లప్పం పెట్టేవాణ్ని నేను పనివాడు అనను. మంచి రేకు తగిలేదాకా కొయ్యాలి. ముఖ్యంగా మన చేపల ప్రాంతంలో ఇది తప్పదు. ఐసు కరిగిన నీళ్ళూ, ఉప్పూ, చేపల జిడ్డూ కలిసి, సరుకు ఎత్తే వెనక తొట్టి కిందికి దిగితే ఎంత మందం ఇనుమైనా టీలో ముంచిన బిస్కెట్టు అవుతుంది.

మేస్త్రి పోయి చాలా కాలమైంది. ఆయన తిట్లు మర్చిపోయాను. సుత్తి చప్పుడు మర్చిపోలేదు. ఎప్పుడు తలుచుకున్నా దండం పెట్టుకుంటాను.

కరీం భాయ్ సుద్దముక్క

నలభై దాటేదాకా నాకు చదువు రాదు. ఏ బోల్టుకి ఏ స్పానరో చేతికి తెలిసేది, డబ్బా మీద ఏముందో కంటికి తెలిసేది కాదు. నేను కట్టిన బాడీల మీద పేర్లు రాసేవాడు కరీం భాయ్ అనే పెయింటరు. ఒకనాడు నన్ను ఆపి అడిగాడు.

"ఏసుపాదం, నీ బాడీ మీద నేనేం రాస్తున్నానో నీకు తెలుసా?"

"ఓనరు పేరేగా."

"నిన్ను తిట్టి రాసినా ఓనరు పేరే అనుకుంటావన్నమాట."

ఆ రోజు నుంచి రంగు వెయ్యని తొట్టి మీద సుద్దముక్కతో రోజూ ఏదో ఒకటి రాసేవాడు. అది నేను చదివేదాకా చెరిపేవాడు కాదు, రంగు వేసేవాడు కాదు. ఓనర్లు తొందరపెట్టినా వినలేదు. మొదట అక్షరాలు, తర్వాత మాటలు. కొన్నాళ్ళకి ఒక పొద్దున పెద్ద వాక్యం రాసిపెట్టాడు. నేను వేలు పెట్టి కూడబలుక్కుంటూ గట్టిగా చదువుతున్నాను. చుట్టుపక్కల షెడ్ల వాళ్ళందరూ పని ఆపి నిలబడ్డారు. పూర్తయ్యేసరికి అర్థమైంది. 'ఈ ఏసుపాదం ఎవరికీ టీ ఇప్పించడు' అని ఉంది. ఆ పూట అందరికీ నేనే ఇప్పించాను.

ఇది చదువుతున్నవాళ్ళకి ఒక మాట. రానిది రాదని చెప్పడానికి సిగ్గుపడకండి. నేర్పేవాళ్ళు మీ పక్క షెడ్డులోనే ఉంటారు. ఇవాళ ఈ నాలుగు పేజీలు నేను రాయగలుగుతున్నానంటే కరీం భాయ్ పెట్టిన భిక్షే.

గుడికన్నా ముందు

కమాను కట్ట అంటే తెలియనివాళ్ళకి చెబుతాను. బండి వెనక ఇరుసుకీ, పైన చాసీ చట్రానికీ మధ్య, విల్లులా వంగిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించి ఉంటాయి. గుంట వచ్చినప్పుడు ఆ పట్టీలు వంగి దెబ్బ తీసుకుంటాయి, పైన కూర్చున్నవాడికి తగలనివ్వవు. కంపెనీవాడు ఎంత బరువుకి ఎన్ని పట్టీలో చూసే ఇస్తాడు.

మనవాళ్ళకి అది చాలదు. చేపలూ ఐసూ ఎత్తితే కంపెనీవాడు చెప్పిన బరువు తొట్టి సగానికే అయిపోతుంది. అందుకని మన దగ్గర ఒక ఆచారం పడింది. షోరూములో తాళాలు తీసుకున్నవాడు నేరుగా గుడికి పోడు, చర్చికి పోడు. కట్టల షాపుకి పోతాడు. అదనపు పట్టీలు వేయించుకున్నాకే నిమ్మకాయలు తొక్కించడమైనా, పాస్టరుగారి చేత ప్రార్థన చేయించడమైనా. పట్టీలు ఎన్ని ఎక్కువుంటే ఆ బండికి, ఆ బండి ఓనరుకి అంత పేరు. పిల్లనిచ్చేవాళ్ళు కూడా వంగి వెనక చక్రం దగ్గర చూసేవాళ్ళని మా షెడ్లలో నవ్వుకునేవాళ్ళం.

అలా వేసిన బండి లోడు మీద బాగానే పోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం తంతుంది. పట్టీలు వంగవు కాబట్టి గుంట దెబ్బంతా సీటులోకి వస్తుంది. మన డెల్టా డ్రైవర్లలో నడుం నొప్పి లేనివాణ్ని నేను చూడలేదు. అది వృత్తిలో ఉన్నదే అనుకుంటారు తప్ప, పట్టీల వల్ల అనుకోరు. వేసేవాళ్ళం మేమూ అనుకోలేదు.

ధనలక్ష్మిగారు వచ్చిన రోజు

పోయినేడు వానలు తగ్గాక ఒక ట్రాక్టరు మా ఇంటి ముందు ఆగింది. వెనక తాడు కట్టి ఒక పాత పికప్‌ను లాక్కొచ్చారు. ట్రాక్టరు మీంచి ఒకావిడ దిగింది. పేరు ధనలక్ష్మి. హనుమాన్ జంక్షన్ దగ్గర కాలవ గట్టున వాళ్ళ ఊరు. వ్యవసాయ కుటుంబం.

"మేస్త్రిగారు మీరేనాండి?"

"నేనేనమ్మా. ఇప్పుడు పని చెయ్యట్లేదు."

"చెయ్యట్లేదనే వచ్చానండి. చేసేవాళ్ళు ముగ్గురికి చూపించాను. ముగ్గురూ స్క్రాపుకి ఇచ్చెయ్యమన్నారు."

నేను సుత్తి తెచ్చుకుని బండి చుట్టూ తిరిగాను. తొట్టి అడుగు పోయింది, క్యాబిన్ నేల పోయింది. చాసీ మాత్రం ఖంగుమంది. ఇంజనుకి ఇంకా ఊపిరుంది. ఎవరి బండి అని అడిగితే అప్పుడు చెప్పింది.

ఆవిడ భర్త వీరాస్వామిగారు. సొంత బండి, సొంత డ్రైవింగు. కైకలూరు వైపు చెరువుల నుంచి విజయవాడకి చేపలు తోలేవాడు. ఒకరోజు చెరువు గట్టు మీద ఐసు ఎత్తుతూ జారి వెల్లకిలా పడ్డాడు. వెన్ను దెబ్బతింది. చేతికర్రతో నాలుగు అడుగులు వేస్తాడు. ఎత్తు ఎక్కలేడు, కుదుపు ఓర్చుకోలేడు. అప్పటినుంచి ఇంటి వసారా దాటలేదు. ఆస్పత్రికి మాత్రం తప్పక ఆటోలో వెళ్ళొస్తాడు.

"ఆటో ఎక్కించాలన్నా దించాలన్నా నలుగురు పట్టాలండి. నలుగురి చేతుల మీద పోయేది ఒక్కసారే, అది నాకింకా రాలేదు అంటారు. ఇప్పుడు ఆస్పత్రికి కూడా రానంటన్నారు. మా తమ్ముడు కారు పంపిస్తానంటే పరాయి బండి ఎక్కనన్నారు. ఇదైతే ఎక్కుతారని నా ఆశండి."

"తోలేదెవరమ్మా?"

"నేనే. నేర్చుకున్నాను. ఆయనకి చెప్పలేదు."

"ఎందుకు?"

"చెబితే నేనే నేర్పుతానంటారండి. ఆయన నేర్పితే నాకు రాదు."

నాకు ఆ మాట నచ్చింది. బండి ఉంచి వెళ్ళమన్నాను.

పందిరి కింద

ఇంటి దగ్గర పాత బండి చేసుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ముందు రంగు గురించి ఆలోచించకండి. రంగు చివర. నేను ముందు కుళ్ళిన రేకంతా కోశాను. తొట్టి అడుగు కొత్తగా వేసి, నీళ్ళు నిలవకుండా వెనక్కి కొంచెం వాలు ఇచ్చాను. వైర్లు ఎలుకలు తినేస్తే మొత్తం మార్చాను. బ్రేకులు పూర్తిగా కొత్తవి వేశాను. ఇంటి దగ్గర చేసుకునేవాళ్ళు చాలామంది సంగీతం పెట్టెకి పెట్టినంత శ్రద్ధ బ్రేకులకి పెట్టరు. అలాంటివాళ్ళ బండి పక్కన నేను రోడ్డు మీద నడవను కూడా.

కష్టమంతా సీటు దగ్గర వచ్చింది. ఆయన కాళ్ళు ఎత్తకుండా కూర్చోవాలి. సీటు తలుపు వైపు తిరిగి బయటికి రావాలి, ఆయన కూర్చున్నాక లోపలికి తిరగాలి. మొదట మంగలి షాపు కుర్చీ పెడదామనుకున్నాను. అది తిరుగుతుంది కానీ తిరగకుండా ఆగదు. మలుపులో మనిషిని కిటికీలోంచి పారేస్తుంది. తర్వాత పాత ఇనుము కొట్టులో ఒక కారు చక్రం తిరిగే హబ్బు బేరింగుతో సహా దొరికింది. దాన్ని పడుకోబెట్టి నేలకి బిగించి, దాని మీద సీటు పెట్టి, లోపలికి తిరిగాక కదలకుండా మందపాటి పిన్ను పడేట్టు చేశాను. బెల్టు సీటుకి కాకుండా నేలకి బిగించాను. కాలు పెట్టడానికి కింద మడత మెట్టు. బ్రేకు ఇన్‌స్పెక్టరుకి అంతా చూపించి సరే అనిపించుకున్నాం. మీరూ చూపించుకోండి, దాచి చేసే మార్పు ఏదీ మంచిది కాదు.

ఇదంతా రాహేలు కిటికీలోంచి చూస్తూ ఉండేది.

"వంటింట్లో కుళాయి కారుతుందయ్యా అంటే భుజం లేవట్లేదంటావు. ఊళ్ళోవాళ్ళ బండి కింద దూరటానికి మాత్రం భుజం బానే ఉందే."

అంటూనే సీటుకి దూది మెత్త కుట్టింది. కుట్టి తనే కూర్చుని అటూ ఇటూ తిరిగి చూసుకుంది. పక్కింటావిణ్ని కూడా పిలిచి తిప్పింది.

తలుపు రబ్బరు తీస్తే దాని కింద ఎండ తగలని చోట బండి అసలు రంగు బయటపడింది. లేత నీలం. అదే కలిపించి వేశాను. కమాను కట్టలు కూడా విప్పి, ఒక్కో పట్టీ తుప్పు గీకి, గ్రీజు రాసి, నల్ల రంగు వేసి, ఎన్ని ఉన్నాయో అన్నీ మళ్ళీ బిగించాను. తియ్యాలని నాకు తట్టనే లేదు. రోజూ చూసేది తప్పుగా కనపడదు. బండి చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా వంగి చూసి 'కట్టలు భలే ఉన్నాయి మేస్త్రీ' అన్నారు.

ఊళ్ళో మొదటి తిరుగుడు

బండి వాళ్ళ ఊరు తీసుకెళ్ళాను. వీరాస్వామిగారు వసారాలో కుర్చీలో ఉన్నాడు. పెద్ద మీసం, చిన్న గొంతు. కర్ర పట్టుకుని నెమ్మదిగా వచ్చి తలుపు మీద చెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"రంగెక్కడ పట్టావు మేస్త్రీ? నేనే మర్చిపోయాను ఇది నీలమని."

సీటు బయటికి తిప్పి చూపించాను. కూర్చున్నాడు. తిప్పాను, పిన్ను పడింది. ఎవరి చెయ్యీ ఆయన మీద పడలేదు. అప్పుడు ధనలక్ష్మిగారు అటువైపు తలుపు తీసి స్టీరింగు ముందు కూర్చుంది.

"నువ్వు దిగు, మేస్త్రి తోలతాడు."

"మేస్త్రిగారు వెనకెక్కుతారు. నేనే తోలేది."

"నువ్వా? లైసెన్సేదీ?"

తీసి ఇచ్చింది. దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, తిరిగిచ్చేశాడు.

"ఫొటో బాలేదు," అన్నాడు.

నేను కట్టల చప్పుడు వింటానని తొట్టిలో స్టెప్నీ మీద కూర్చున్నాను. కాలవ గట్టు మీద బయల్దేరాం. ఆవిడ బాగానే తోలుతోంది. చిన్న వంతెన ఎక్కి దిగేచోట ఒక గుంట ఉంది. చక్రం అందులో పడగానే బండి తన్నింది. నేనే స్టెప్నీ మీంచి ఎగిరిపడ్డాను. లోపల్నుంచి ఒక కేక వినపడింది. బండి ఆగింది. దూకి ముందుకెళ్ళి చూస్తే ఆయన పళ్ళు బిగించి, రెండు చేతుల్తో సీటు పట్టుకుని, చెమటలు కక్కుతున్నాడు. ఆవిడ స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి ఏడుస్తోంది.

నడిచే మనిషి వేగంతో ఇంటికి తిరిగొచ్చాం. ఆయన దిగి, కుర్చీలో కూర్చుని, కాసిని మంచినీళ్ళు తాగాక అన్నాడు.

"బాగా చేశావు మేస్త్రీ. ఇక పాకలో పెట్టించెయ్యి."

అప్పుడు వెలిగింది నాకు. "ఇది సీటు తప్పు కాదండి. పట్టీలు. అదనంగా ఉన్నవి తీసేస్తే ఇంత తన్నదు. రేపే తీస్తాను."

"వీల్లేదు," అన్నాడు.

"తీస్తే మీరు హాయిగా కూర్చోవచ్చండి."

"నేను కూర్చోటానికా అది? లోడెత్తటానికి. పట్టీలు తీస్తే అది బండెట్టా అయిద్ది? కావాలంటే ఇసక బస్తాలు వెయ్యి వెనక. లోడు మీద మెత్తగానే పోద్ది."

"కొత్తగా నేర్చుకున్నావిడ. కాలవ గట్టు. వెనక అంత బరువు పెట్టి నేను పంపనండి."

"అయితే వద్దు. పాకలో పెట్టు."

ధనలక్ష్మిగారు తట్టుకోలేక అంది. "చేపలెత్తి ఎన్నాళ్ళయిందండీ? ఇంకెవరికోసం ఆ పట్టీలు?"

ఆయన కర్ర తీసుకుని లోపలికి పోయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ నన్ను బస్సు దాకా సాగనంపడానికి వచ్చింది.

"నేనలా అనకుండా ఉండాల్సిందండి. ఇప్పుడు ఆస్పత్రికి కూడా కదలరు. రాకపోతే కాళ్ళు బిగుసుకుపోతాయని డాక్టరుగారు చెప్పారు. ఉన్న ఆ నాలుగు అడుగులూ పోతాయి."

బస్సులో కూర్చున్నాక నాకూ కోపం వచ్చింది. మొండితనం అనుకున్నాను. నేను ఇన్నాళ్ళు చేసిన పని పాకలో దుమ్ము కొట్టుకుంటుందని కూడా అనుకున్నాను. అదీ నిజమే.

రాహేలు అడిగింది

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"నీ వెల్డింగు మిషను ఇంకా గదిలో పెట్టుకున్నావెందుకు? దాన్ని ఎత్తలేవుగా."

"ఉంటే ఏం, దాని మానాన అదుంది."

"అమ్మమంటే అమ్మవు. ఎవరికైనా ఇమ్మంటే ఇవ్వవు. అలాంటప్పుడు ఆ మనిషి దగ్గరికి పోయి, నీకిక పనయిపోయింది, సామాను ఇచ్చెయ్యి అని ఎట్టా చెప్పొచ్చావు?"

"నేనలా అనలేదు."

"పట్టీలు తీస్తానంటే ఆయనకి వినపడేది అదే."

పని నేర్చుకునేవాళ్ళకి ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. బండిలో ఒక భాగం తీసేముందు అది ఓనరుకి ఏమిటో అడగండి. మనకి అది ఇనుము. ఆయనకి అది ఏంటో మనకి తెలియదు.

కొన్న రోజు

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళాను. ఈసారి స్పానర్లు బయటికి తియ్యలేదు. వసారాలో ఆయన పక్కన కూర్చున్నాను. ధనలక్ష్మిగారు ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది. ఆయన నావైపు చూడలేదు.

"పట్టీల గురించైతే మాట్లాడమాక మేస్త్రీ."

"పట్టీల గురించేనండి. తియ్యటానికి కాదు. విప్పి చూశానుగా, రకరకాలుగా ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో మందం. ఎవరు వేశారా అని."

మజ్జిగ ఒక గుక్క తాగాడు. తర్వాత మొదలుపెట్టాడు. ఒకటి గుడివాడలో వేయించాడు, పెద్ద సైజు చేప పడిన ఏడాది. ఒకటి కొల్లేరు గట్టు మీద విరిగితే, తోటి డ్రైవరు ఒకతను తన బండిలోంచి తీసి ఇచ్చాడు. 'రేపిద్దువులే అన్నాడు. మళ్ళీ తీసుకోలా.' అన్నిటికంటే కింద ఉన్న మందపాటిది ఆటోనగర్‌లో, బండి కొన్న రోజునే.

"షోరూము నుంచి నేరుగా కట్టల షాపుకి పోయి ఉంటారు," అన్నాను.

"అంతేగా. మా నాన్న పక్కన కూర్చున్నాడు. బెంజి సర్కిల్ దాటాక రోడ్డు తవ్వి పెట్టారప్పుడు. అందులో దించాను. ఏమీ తెలీలా. మా నాన్న, 'ఏందిరా ఇది, పడవలా పోతంది' అన్నాడు. చంటిపిల్లాడిలాగా నవ్వాడు. ఆయన అట్టా నవ్వటం నేనెప్పుడూ చూళ్ళా." ఆగి, మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు. "షాపులో పట్టీలేశారు. గుడికి పోయేటప్పుడే తన్నటం మొదలెట్టింది. మా నాన్న మళ్ళీ ఆ బండెక్కలా."

చాలాసేపు బండివైపే చూస్తూ కూర్చున్నాడు. ఇలాంటప్పుడు నోరు మూసుకోవడం కూడా పనిలో భాగమే.

"అంటే మేస్త్రీ, షోరూము నుంచి షాపు దాకా, ఆ ముక్కే నేను ఆ బండి తోలింది. తర్వాత తోలిందంతా మనం చేసిన బండి."

"అవునండి. మన దగ్గర అందరిదీ అంతే."

"నువ్వు తీస్తానన్నవి ఏవి?"

"మనం చేర్చినవి. కంపెనీవాడు ఇచ్చినవి ముట్టుకోను. కొన్న రోజున ఎలా ఉందో అలా ఉంటుంది. కారంత మెత్తగా రాదు. టైర్లలో గాలి కూడా తగ్గిస్తాను."

"లోడు?"

"కంపెనీవాడు చెప్పినంత."

"అంటే లాగదనేగా," అన్నాడు. మొదటిసారి మీసం కింద నవ్వు కనపడింది. "ధనం, కుర్చీ ఆ బండి దగ్గరెయ్యి."

ఆవిడ పరుగున వచ్చింది. ఆయన వెనక చక్రం పక్కన కూర్చున్నాడు. నేను జాకీ పెట్టి, యూ బోల్టులు విప్పి, కట్ట దించాను. పట్టీ ఒక్కోటి తీసి ఆయన కాళ్ళ దగ్గర పెడుతుంటే, ఆయన కర్రతో తాకి పేరు పెట్టినట్టు చెబుతున్నాడు. 'ఇది గుడివాడ. ఇది వాడిచ్చింది, జాగ్రత్తగా పెట్టు.' మందపాటిది బయటికి వచ్చినప్పుడు ఏమీ అనలేదు. మిగిలిన వాటికి సరిపడా కొత్త సెంటర్ బోల్టు వేసి బిగిస్తుంటే, 'ఇంకొంచెం బిగించు, సాల్లా' అని నాకే చెప్పాడు. నాకు సైదులు మేస్త్రి గుర్తొచ్చి బిగించాను.

జంక్షన్ దాకా

మళ్ళీ అదే గట్టు, అదే వంతెన. నేను తొట్టిలో స్టెప్నీ మీద ఉన్నాను. గుంట వస్తుంటే ధనలక్ష్మిగారు బండి దాదాపు ఆపేసింది.

"ఆపుతావెందుకు? పోనీ," అని లోపల్నుంచి ఆయన గొంతు వినపడింది.

చక్రం దిగింది. పట్టీలు ఒకసారి మూలిగి, వంగి, లేచాయి. బండి ఊగింది. తన్నలేదు. నేను కేక కోసం చూశాను. కేక రాలేదు. వంతెన దాటాక ఆయన చెయ్యి కిటికీలోంచి బయటికొచ్చి తలుపు మీద రెండుసార్లు తట్టింది. డ్రైవర్లు పోనివ్వమని చెప్పడానికి అలా తడతారు.

హనుమాన్ జంక్షన్‌లో లారీలూ చేపల బండ్లూ ఆగే టీ కొట్టు ఒకటుంది. అక్కడ ఆపమన్నాడు. ఆయన్ని ఎరిగిన డ్రైవర్లు చూసి చుట్టూ చేరారు. పోయాడనే అనుకున్నవాడొకడు భుజం పట్టుకుని వదల్లేదు. సీటు తిప్పి చూపించమని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. ధనలక్ష్మిగారు తోలుతోందని తెలిసి ఒకడు, "వదినా, మా ఇంటావిడకి చెప్పమాక, నా ఉద్యోగం పోద్ది," అన్నాడు. ఇంకో కుర్రడ్రైవరు అలవాటు కొద్దీ వంగి వెనక చక్రం దగ్గర చూశాడు.

"ఏంది బాబాయ్, పట్టీలన్నీ పీకించేశావు? ఇప్పుడేం లోడేస్తావు దీనికి?"

నేను టీ గ్లాసు పట్టుకుని ఆయన ముఖం చూస్తున్నాను.

"నేనేరా లోడు," అన్నాడు వీరాస్వామిగారు. "నువ్వు ఖాళీ బండి తోలుకుని ఇంటికి పోయాక, నీ నడుం ఎట్టా ఉందో రేపొచ్చి చెప్పు."

అందరికంటే ఎక్కువ నవ్వింది ఆ కుర్రాడే.

నాకు ఇన్నేళ్ళలో చాలామంది మంచి మాటలు చెప్పారు. పెద్ద ఓనర్లు శాలువాలు కూడా కప్పారు. ఆ టీ కొట్టు దగ్గర ఎవరూ నా పేరు ఎత్తలేదు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను కోరుకునేది అలాంటి రోజు ఒకటి. దొరికితే దేవుడికి స్తోత్రం చెప్పుకోండి. నేను చెప్పుకున్నాను.

ఆ వారంలోనే ఆయన ఆస్పత్రికి వెళ్ళొచ్చాడు. అది తర్వాత సంగతి. ఆ రోజు టీలు తాగాక ధనలక్ష్మిగారు బండి ఇంటివైపు తిప్పబోయింది. కిటికీలోంచి ఆయన చెయ్యి మళ్ళీ బయటికొచ్చింది. ఈసారి తట్టలేదు. కైకలూరు చెరువుల వైపు చూపించింది. నేను స్టెప్నీ మీద సర్దుకుని కూర్చున్నాను.